మూట విప్పని బాబాయి

బాబాయికి లోకంలో ఒక్కటే పడదు: మూటలో అక్కరలేనిది ఉండటం. దాన్ని తీయడానికి మూట విప్పడం అంతకన్నా పడదు.

అన్నగారి అమ్మాయి నడిపే ఫొటో స్టూడియోలో ఆయన పని, ఫొటోలను జిప్ ఫైళ్లనే మూటలుగా కట్టి ఇవ్వడం. కంప్యూటరు తనంతట తాను దూర్చే పనికిరాని ఫైలు ఒకటి ప్రతి జిప్‌లోనూ చేరేది. ఇంకొకరైతే ఒక్కోటీ విప్పి, చెత్త తీసి, మళ్లీ కట్టాలి. బాబాయి మౌసును బల్ల చివరకు తోసేసి, కంప్యూటరుకు ఆజ్ఞలు రాసే నల్ల తెర తెరిచి, ఒక్క వరుస టైపు చేసేవాడు. ఇక్కడున్న జిప్‌లన్నిటిలోంచీ ఈ పేరుగలది తీసెయ్యమని దాని అర్థం. ఆ విద్య ముదిరి, చుట్టాల పెట్టె తాళం తియ్యకుండానే అందులోని అదనపు గొడుగు మాయం చేశాడని పిన్ని ఇప్పటికీ చెబుతుంది.

ఒకసారి మాత్రం ‘ఏదైనా సరే’ అని అర్థమిచ్చే నక్షత్రం గుర్తు ఒకటి ఎక్కువ పడి, ఒక పెళ్లి జిప్‌లన్నిటిలోంచీ పెళ్లికొడుకు పోయాడు. ఆడపెళ్లివారు చాలా రోజులు గమనించలేదు, అది వేరే సంగతి. ఆనాటి నుంచి బాబాయి నకలు దాచకుండా ఏదీ తీసి ఎరగడు.

బడి వార్షికోత్సవం ఫొటోలు తరగతికో జిప్ చొప్పున వెళ్లిన మర్నాడు, హెడ్మాస్టరు టీచర్లను వెంటేసుకుని స్టూడియోకు వచ్చాడు. అన్ని జిప్‌లలోనూ ఒకే నంబరు ఫొటో లేదట. అదీ సరిగ్గా తన ఉపన్యాసం మధ్యలోదట. అది ఇవ్వకపోతే వచ్చే ఏడు పని వేరేవాళ్లకే అన్నాడు. స్టూడియో సగం బతుకు ఆ బడి మీదే. అమ్మాయి బాబాయి వైపు తిరిగింది.

"ఏం తీశావు బాబాయ్?"

"అక్కరలేనిదమ్మా."

"నా ఉపన్యాసం అక్కరలేనిదా?" అన్నాడు హెడ్మాస్టరు. టీచర్లందరూ శ్రద్ధగా నేల చూశారు.

చాదస్తం మొదలుకొని చత్వారం దాకా ఆయన అన్న మాటలన్నీ బాబాయి నిలబడి విన్నాడు. రేపటి నుంచి జిప్‌లు నేనే మౌసుతో కట్టుకుంటానని అమ్మాయి కూడా అనేసింది. అప్పుడు బాబాయి ముఖం కాస్త చిన్నబోయింది.

"మాస్టారొక్కరూ లోపలికి రండి. మిగతావారు కూర్చోండి, కుర్చీలున్నాయి," అన్నాడు. అమ్మాయి వెనకే వెళ్లింది.

నకలు తెర మీదికొచ్చింది. వేదిక మీద హెడ్మాస్టరు చెయ్యెత్తి మాట్లాడుతున్నాడు. పక్కన ఫ్యాను తన పని తాను చేస్తోంది. మాస్టారి జుట్టు, మాస్టారికి జానెడు ఎత్తున, ఒంటరిగా గాలిలో ఉంది. రెప్పపాటులో పట్టుకుని పెట్టేసుకున్నట్టున్నాడు, సభలో ఎవరికీ తెలియలేదు. కెమెరాకు రెప్పలుండవు.

ఆయన చాలాసేపు చూసి, తల తడుముకున్నాడు.

"ఇంకెక్కడైనా ఉందా?"

"ఇదొక్కటేనండి."

బాబాయి నల్ల తెర తెరిచి, ఒక్క వరుస టైపు చేసి, ఆఖరి మీట నొక్కడం ఆయనకే వదిలి కిటికీ వైపు తిరిగాడు.

ఫొటో సరిగా రాలేదని హెడ్మాస్టరు బయట టీచర్లకు చెప్పాడు. వచ్చే ఏడూ వీళ్లేనన్నాడు. ఫ్యాను మాత్రం వద్దన్నాడు.

"మొదటే చెప్పొచ్చుగా బాబాయ్?"

"అందరి ముందూ మూట విప్పాక ఇంక తీసేదేముందమ్మా?"

అమ్మాయి బల్ల చివరనున్న మౌసును తీసి సొరుగులో పడేసింది.