అన్నీ వాయించిన మా అయ్యవారు

మా ఫిడేలు అయ్యవారు పోయారన్న కబురు నాకు రేణిగుంట స్టేషన్‌లో తెలిసింది. కాలేజీ సెలవులకు వస్తున్న నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన నాయన, నా చేతిలోని ఫిడేలు పెట్టె అందుకున్నాడు. "నిన్న తెల్లారుజామున పోయినారమ్మా" అన్నాడు.

ఫిడేలు అయ్యవారని నేనంటాను గానీ, కార్వేటినగరం చుట్టుపక్కల ఆయన్ని కొందరు మృదంగం అయ్యవారనేవాళ్లు, కొందరు హార్మోనియం అయ్యవారనేవాళ్లు. పిల్లనగ్రోవి కూడా వచ్చు. మా వైపు ఏటా భారతం ఉత్సవాలు జరిగే ఊళ్లలో పగటిపూట హరికథ ఉంటుంది. ఆ పందిట్లో వాద్యగాళ్లలో ఎవరు రాకపోతే వాళ్ల చోట అయ్యవారు కూర్చునేవారు. ముందుగా ఆ వాద్యాన్ని కండువాతో తుడిచి, అది ఎవరిదో వాళ్ల పేరు తలచుకుని దండం పెట్టుకునేవారు.

నన్ను పాఠానికి చేర్చిన రోజు నాయన ఆయన్ని అడిగాడు: "మీ మాదిరి నాలుగూ నేర్పండి అయ్యవారూ. యాడికైనా పిలుస్తారు."

అయ్యవారు ఫిడేలు కమానుకు గుగ్గిలం రుద్దుతూ అన్నారు: "పిలుస్తారప్పా. నన్ను అందురూ పిలిచినారు. మనిషి తక్కువైనప్పుడు పిలిచినారు. ఈ బిడ్డను ఫిడేలు కోసరం పిలవనీ."

నాకేమో మృదంగం మీద మనసు. అడిగితే కసురుకోలేదు. రోజూ పాఠం అయ్యాక ఎదురుగా కూర్చోబెట్టి, తాను మృదంగం వాయిస్తూ నన్ను తాళం వేయమనేవారు. వాద్యం మాత్రం నా చేతికిచ్చేవారు కాదు. "వాయించేది ఒకటి సాలు పాపా. వినేది మాత్రం అన్నీ వినాల" అనేవారు.

ఒక ఏడు హరికథకు మృదంగం ఆయన జ్వరంతో రాలేదు. ఫిడేలుకు వచ్చిన అయ్యవారు, వెంట వచ్చిన నా ఒళ్లో దాన్ని పెట్టి మృదంగం ముందుకు జరిగారు. రెండో పాటలోనే నేను దారి తప్పాను. కమాను ఆగిపోయింది. ఆయన నా వైపు చూడలేదు. వాయింపు మెల్లగా తగ్గించి, నేను రోజూ తాళం వేసిన ఆ నడకనే పట్టుకున్నారు. నా చెయ్యి దానంతటదే పల్లవి అందుకుంది. కథ ముగిశాక, హరికథ చెప్పిన భాగవతారు వచ్చే ఏడు కూడా ఫిడేలుకు ఈ పిల్లనే పంపమన్నారు. "ఇంగ నాకు ఒక చోటు తగ్గింది" అంటూ అయ్యవారు ఇంటిదాకా నవ్వుతూనే వచ్చారు.

'నాది' అనేది ఎంత చిన్న మాట. నాలుగు వాద్యాల్లో దేని గురించీ ఆయన తన కోసం దాన్ని ఎప్పుడూ వాడుకోలేదు. నాకు మాత్రం ఇచ్చి వెళ్లారు.

పెద్దకర్మ నాడు ఆయన శిష్యులం నలుగురం మా వాద్యాలతో ఆయన ఇంట్లో చేరాం. మృదంగం నేర్చిన ఒక అన్న, హార్మోనియం నేర్చిన ఒక అక్క, పిల్లనగ్రోవి వాయించే తాపీమేస్త్రీ, నేను. ఒక్కొక్కరికి ఒక్కొక్కటే వచ్చు. అయ్యవారు ఒక్కరే కూర్చునే చాప మీద మోకాళ్లకు మోకాళ్లు తగులుతుండగా సర్దుకున్నాం. నా కమానుకు చోటిస్తూ మేస్త్రీ కాస్త పక్కకు ఒరిగి, మొదలుపెట్టమన్నట్టు నా వైపు చూశాడు.