ఉప్పునీళ్ళు కలిసే చోట

దోహాలో సముద్రం మీద పరిశోధన చేసేవాళ్ళ పడవలో నేను డెక్ మీద పనిచేసేవాణ్ణి. మాది శ్రీకాకుళం తీరం. వలలు నాకు కొత్త కాదు గానీ, ఇక్కడి వల పల్చటి గుడ్డతో కుట్టిన సంచిలా ఉండేది. అందులో పడేవి చేపలు కావు, కంటికి ఆనని ప్లవకాలు. చిన్న చేపలకు తిండి అవే.

ఒకరోజు మొదట నడిసముద్రంలో వల లాగాం. పరిశోధన చేసే మలయాళీ మేడమ్ మైక్రోస్కోప్‌లో ఒక చుక్క చూసి, "రా భయ్యా, నువ్వూ చూడు" అంది హిందీలో. వంగి చూశాను. గాజుతో చేసినట్టున్న పురుగులు, మీసాలున్నవి, తోకలున్నవి, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఈదుతున్నాయి. నాకు తెలీకుండానే నవ్వొచ్చింది.

తర్వాత సముద్రపు నీటిని మంచినీళ్ళుగా మార్చే ప్లాంటు దగ్గరికి వెళ్ళాం. మిగిలిన వేడి ఉప్పునీళ్ళు అక్కడే సముద్రంలో కలుస్తాయి. అక్కడ వల లాగి చూసిన చుక్కలో నాలుగైదు పురుగులే కనిపించాయి. కదిలేది ఒక్కటే.

"ప్లాంటు ఆపేస్తే?" అన్నాను.

"మరి ఊరంతా ఏం తాగుతుంది?" అంది మేడమ్. "ఆ నీళ్ళని చల్లార్చి, పలచన చేసి వదలొచ్చు. అందుకే ఇవన్నీ చూస్తున్నాం."

సాయంత్రం అల్ మన్సూరాలో రూముకొచ్చి ఇదంతా చెబితే, జగిత్యాల నుంచి వచ్చిన రూమ్మేట్ బియ్యం కడుగుతూ, "అయితే నీళ్ళు తాగుడు బంద్ చెయ్యాల్నా?" అన్నాడు. కుళాయి ధారగా పోతూనే ఉంది.

"నీళ్ళు కట్టెయ్యి అన్నా" అన్నాను.

విసుక్కున్నాడు గానీ కట్టేశాడు.