మొదటి సీజన్ ఈరన్న

పోయిన మంగళవారం పొద్దున కర్నూలు బస్టాండులో టీ తాగుతూ ఉండగా, కోడుమూరు ఈరన్న పరమపదించాడన్న వార్త ఫోనులో విన్నాను. గుండెపోటట. నిశ్చేష్టుణ్ణయ్యాను. దాచడమెందుకు, దుఃఖం కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళ మిత్రుడు, నాకు చెప్పవలసిన మాట ఒకటి చెప్పకుండానే వెళ్ళిపోయాడే అని!

ఆ మాటేదో ముందే చెబుతాను. ‘అడవిలో ఏడు దినాలు’ అనే వెబ్ సిరీస్ మొదటి సీజన్ రాసింది ఈరన్న. రెండు, మూడు సీజన్లు రాసింది నేను. కోసిగి నుంచి సుగ్గికి, అంటే మిరపకోతల కూలికి, గుంటూరు వైపు పోతున్న తొమ్మిది మంది లారీ నల్లమల లోయలో పడితే, వాళ్ళు ఎట్లా బతికి బయటపడ్డారన్నది కథ. మొదటి సీజన్‌ను జనం నెత్తిన పెట్టుకున్నారు. నావి కూడా బాగానే చూశారు. కానీ యాడికి పోయినా ఒకటే పాట: “నీది బాగుండాది గానీ, మొదటిది మొదటిదేప్పా!” మంగలి షాపులో అదే, పెళ్ళి పందిట్లో అదే. నా రాత అతని రాతకు సాటి వచ్చిందని ఈరన్న నోటనే ఒక్కసారి వినాలి. అంతకు మించి నేను కోరిందేమీ లేదు.

ప్రతిభ అతనికి అయాచితంగా లభించిందని తలచి చాలాకాలం ఏడ్చాను. అతని పద్ధతి తెలిశాక మరింత ఏడ్చాను. విత్తనానికి వేరుశనక్కాయలు ఒలిచే ఆడవాళ్ళ మధ్య కూర్చుని, తానూ ఒలుస్తూ, రాయబోయే ఎపిసోడ్‌ను కథగా చెప్పేవాడు. వాళ్ళ చేతులు ఎక్కడ ఆగిపోతే అక్కడ ఆ ఎపిసోడ్ ముగించేవాడు. “మొగం మొహమాటానికి పోతాది గానీ, చెయ్యి పోదప్పా” అనేవాడు.

ఆ విద్య నేనూ దొంగిలించాను. ఈరన్న ఆదోనికి పోయిన రోజు చూసుకుని కోడుమూరు వెళ్ళి, అదే ఆడవాళ్ళకు నా రెండో సీజన్ తొలి ఎపిసోడ్ వినిపించాను. చిరుతపులి, వాగు పొంగడం, ఒకేసారి ముగ్గురి చావు! పటపటా ఒలుస్తూనే ఉన్నారు మహాతల్లులు. చివరికి ఒకావిడ, “ఎంతమందిని సంపుతావు నాయనా! ఈరన్న కథలో ఆ తల్లి కడాకు మిగిలిన రొట్టెముక్క ఎవురికిస్తాదో అని మాకు రెండు దినాలు నిద్ర పట్టల్యా” అంది. ఆమె చేతిలోని చేట లాక్కుని విసిరికొట్టాలనిపించింది. నవ్వి వచ్చేశాను.

నిజమే, మొదటి సీజన్‌లో చనిపోయేది ఒక్కడే. నా రెండింటిలో, నేను కొత్తగా తెచ్చిపెట్టిన వాళ్ళతో కలిపి, పద్నాలుగు మంది. అతను మనుషుల్ని బతికించడానికి తంటాలు పడ్డాడు, నేను చూసేవాణ్ణి కూర్చోబెట్టడానికి తంటాలు పడ్డాను. ఈ తేడా నాకు తెలియక కాదు. ఒప్పుకోబుద్ధి కాలేదు.

రెండో సీజన్ కూడా రాయమని నిర్మాతలు మొదట అడిగింది అతన్నే. “వాళ్ళు సచ్చీ సెడీ అడవి దాటొచ్చినారు. మళ్ళా అండ్లోకే తోసేది పాపం గాదా?” అని తప్పుకుని, నా పేరు చెప్పాడు. ఆ ఔదార్యాన్ని కూడా నేను క్షమించలేకపోయాను. నా సీజన్ విడుదలైన ప్రతిసారీ మర్నాడే ఫోన్ చేసేవాడు.

“ఏమప్పా, శానా బాగుండాది.”

“నీ దానంత బాగుందా? నిజం చెప్పు!”

“బాగుండాది లేప్పా. అన్నం తింటివా?”

అంతే. నా ఆకలి అతనికి తెలియదా! తెలుసు. తెలిసే మాట తప్పించేవాడని పళ్ళు నూరుకునేవాణ్ణి.

మూడోనాడు పరామర్శకు వాళ్ళింటికి పోయాను. ఈరన్న భార్య, మా వదిన, వసారాలో గోడకానుకుని కూర్చుని ఉంది. నాలుగు మాటలు కాకముందే సిగ్గు విడిచి అడిగేశాను. “వదినా, నా సీజన్ల గురించి ఆయన నీతో ఏమన్నా అన్నాడా?”

ఆమె నావైపు చూసి, తల దించుకుంది. “ఏం చెప్పాలప్పా. నీవి ఆయన చూడనేల్యా.”

“ఫోన్ చేసి మరీ చెప్పేవాడే!”

“పిల్లోల్లు పెట్టుకుని చూస్తాంటే లేసి బయటికి పోతాండె. ఎందుకు చూడవు అని నేనే అడిగితిని. ‘వాడిది బాగుంటే నాకు కడుపు మండుతాది. బాగలేకుంటే వాని మొగం చూడల్యాను. రెండూ నాకొద్దు’ అనె.”

కడుపుమంట! ఈరన్నకు! నా మీద! చావు జరిగిన ఇంట్లో కూర్చుని ఒక్క క్షణం సంతోషించాను, దేవుడు నన్ను క్షమించుగాక. మరుక్షణం వదిన ముఖం చూడలేక లేచి వచ్చేశాను.

ఈరన్నా, మహానుభావా! కుళ్ళుకుంటూనే నీ మొదటి సీజన్‌కు శిరసు వంచి నమస్కరిస్తున్నాను. నీ స్థానం మరొకరితో పూరింపరానిది. నీకు నివాళిగా నాలుగో సీజన్ రాయమని నిర్మాతలు నన్ను అడుగుతున్నారు. ఎవరికోసం రాయను? లోకమంతా చూసిన ఆ రెండు సీజన్లూ నేను నీ ఒక్కడి కోసమే రాశాను. నువ్వొక్కడివే చూడలేదు.