రెండో తనిఖీకి కారణం

శ్రీవల్లి రాజ్‌కిశోర్ నగర్‌లోని ఇంట్లో కూర్చుని బ్లడ్ బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ రాస్తుంది. ఆ ఉదయం స్క్రీన్ మీద ఆమెకు ఒక మార్పు కనిపించింది. కంపెనీ కొత్తగా పెట్టుకున్న ఏఐ అసిస్టెంటు కోడును శుభ్రం చేస్తూ, రక్తం గ్రూపును రెండో మనిషి సరిచూసే తనిఖీని అనవసరమని తీసేసింది. దాన్ని అనడానికీ లేదు. ఆ తనిఖీ ఎందుకు పెట్టారో డిజైన్ డాక్యుమెంటులో ఉంది. ఆ డాక్యుమెంటు దానికెవరూ చూపించలేదు.

చూపిద్దామని ఆమె పై అధికారి కామేశ్వరరావుకు ఫోన్ చేసింది.

"ఇవ్వమ్మా. ఆ చావు సంగతి రాసిన పేరా మాత్రం తీసేసి ఇవ్వు," అన్నాడాయన. "మిషన్‌కి కూడా సంతాపం చెప్పాలా?"

"సంతాపం కాదండీ, కారణం."

"కంపెనీ పరువమ్మా అది."

పక్కనే పేపరు చదువుతున్న తండ్రి శంకరరావు, రిటైరైన రైలు డ్రైవరు, తలెత్తాడు. "ఏటమ్మా, తనిఖీ తియ్యొద్దని ఒక్క ముక్క రాసేస్తే సరిపోదేటి?"

"కోడులో ఆ ముక్క ఉండేది నాన్నా. పాతదనుకుని అసిస్టెంటు తీసేసింది."

ఫోన్లో కామేశ్వరరావు ఆ మాట విన్నాడు.

"అచ్ఛా, ఆ చనిపోయినావిడ పేరు తీసెయ్. మిగతాది ఉండనీ."

ఆ పేరాలో ఉన్నది ఇదీ: గతౌరా అనే ఊరి నుంచి కాన్పుకు వచ్చిన ఫూల్‌బాయి, వేరే గ్రూపు రక్తం ఎక్కించడంతో చనిపోయింది. కంపెనీ మొదట ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లో రెండో తనిఖీ లేదు. శ్రీవల్లి ఆ పేరు తీసి 'ఒక బాలింత' అని రాసింది.

డాక్యుమెంటు చదివాక అసిస్టెంటు తనిఖీని తిరిగి పెట్టింది. ఇది లేనప్పుడు ఒక బాలింత చనిపోయిందని పక్కన కారణం రాసింది. శ్రీవల్లి ఆ వాక్యాన్ని అలాగే ఉంచి ఆమోదించింది.