మార్త ఉన్న దిబ్బ

అవనిగడ్డ దాటాక బస్సు ఎగిరిపడితే, పక్కాయన ఒళ్ళోని బంతిపూలు నా పుస్తకం మీద రాలాయి. ఒక్కొక్కటే ఏరుకుంటూ, "మా ఇంటిదానికండీ" అన్నాడు.

ఆయన పేరు నతానియేలు, యానాది. ఇబ్రహీంపట్నంలో చెల్లెలి ఇంట ఉంటూ కాలవల్లో చేపలు పట్టుకుంటున్నాడు. ఆ రోజు సమాధుల పండుగ. భార్య మార్త సమాధి మాత్రం సముద్రపు దిక్కున, ఇప్పుడు రొయ్యల చెరువుల మధ్య ఉన్న దిబ్బ మీద.

"నిరుడు గేటు తియ్యలేదండీ. ఈయేడన్నా కొవ్వొత్తి వెలిగించాల."

ఇరవై ఏళ్ళ కిందట చెరువులు తవ్వేవాళ్ళు వచ్చినప్పుడు తీపినీళ్ళ చెలమ, పోటుకు మునగని దిబ్బ చూపించింది ఈయనే.

"ఎందుకు చూపించావయ్యా?"

"కొత్తోడు దాహమంటే నీళ్ళు పోస్తే చాలదండీ, నీళ్ళ చోటు చూపించాల. మా తాతల మర్యాద."

నా నోరు ఊరుకోదు కదా, చదువుతున్నది చెప్పాను. రెండున్నర వేల ఏళ్ళ కిందట గ్రీకులు ఓడలెక్కి వచ్చి, నల్లసముద్రం ఒడ్డున హెరాక్లియా అనే ఊరు కట్టుకున్నారు. అక్కడి పాతకాపులు మరియాండినులు వాళ్ళకు లొంగుతూ ఒక్క షరతు పెట్టారట: చాకిరీ చేస్తాం, మమ్మల్ని ఈ నేల దాటించి అమ్మకూడదు.

నతానియేలు నవ్వాడు. "షరతు కూడానా! గట్టోళ్ళేనండీ. వాళ్ళు అడక్కముందే మేం దిబ్బ చూపించాం."

ఆ చెరువులకే పద్దెనిమిదేళ్ళు కాపలా కాశాడు. మార్త అక్కడే పోయింది. తర్వాత కెమెరాలు వచ్చాయి; గేటు దగ్గర ఒక కుర్రాణ్ణి పెట్టి, ఈయన్ని పొమ్మన్నారు.

"పెద్దోరు, మీరడిగితే ఆ కుర్రోడు గేటు తీస్తాడేమో" అంటే నేనూ దిగాను.

గేటు దగ్గర బ్లీచింగు నీళ్ళ తొట్టి. ఎవరూ చెప్పకుండానే నతానియేలు పాదాలు అందులో ముంచి నిలబడ్డాడు. కాపలావాడు యజమానికి ఫోను చేసి, తల అడ్డంగా ఊపాడు.

"బయటోళ్ళని రానివ్వద్దంటున్నారు. రొయ్యలకి రోగం పట్టుకొస్తారంట."

"బయటోడా? ఈయనా?" అన్నాను.

వాడు కాస్త మెత్తబడ్డాడు. "పోనీ తాతా, పూలు ఇటియ్యి, నేను పెడతా. సమాధి ఎక్కడ?"

నతానియేలు కమ్మీల్లోంచి చెయ్యి చాపాడు. దిబ్బ మీద కొత్తగా సిమెంటు పోసి కట్టిన మోటారు షెడ్డు. నిరుటికి అది లేదట.

"ఆ కిందండీ."

కాపలావాడు పూల కోసం చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నాకు కోపం వచ్చింది. మరియాండినుల షరతు వాడికి మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను. వాడు పాపం వింటున్నాడు.

తిరిగి చూస్తే తొట్టి దగ్గర ఎవరూ లేరు. కంచె పక్కన, గట్టు వెంట, పూలసంచి చంకన పెట్టుకుని నతానియేలు చాలా దూరం వెళ్ళిపోయాడు.