బూజు లేని ఇల్లు

మొన్న గజపతినగరం సంతలో కొత్తిమీర బేరమాడుతుంటే, పక్క దుకాణంవాడు తడిసి ఆరని గోనెసంచుల కట్టను దబ్బున కింద పడేశాడు. ఆ వాసన తగలగానే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. పెట్టుకొని, నాలో నేనే నవ్వుకున్నాను. కొత్తిమీర అమ్మే ఆవిడ నాకేమైనా పిచ్చేమోనన్నట్టు చూసింది. పిచ్చేం కాదు. ఆ వాసన వస్తే నాకు డాక్టర్ రత్నమణిగారు గుర్తొస్తారు. తెల్లచీర ఇస్త్రీ నలగనివ్వని మనిషి నాకు ఇలాంటి వాసనతో గుర్తుండిపోయారని తెలిస్తే, ఆవిడ ఊరుకునేవారు కాదు.

ఆవిడ ఊపిరితిత్తుల డాక్టరు. శ్రీకాకుళం వైపు ఒక బాప్టిస్టు కుటుంబంలో పుట్టారు. తండ్రి కూలికి వెళ్లి చదివించాడని గర్వంగా చెప్పుకునేవారు. ఎంత చదివినా మాటలో ఊరి యాస మాత్రం పోగొట్టుకోలేదు. విజయనగరంలో నేను ఆవిడ దగ్గర చేరేనాటికి ఒక పరిశోధన నడుస్తోంది. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు, ఇంకా రకరకాల కారణాలతో ఒంట్లో జబ్బును ఎదుర్కొనే శక్తి తగ్గినవాళ్లు ఉంటారు. మీరూ నేనూ రోజూ పీల్చి మరిచిపోయే బూజే అలాంటివాళ్ల ఊపిరితిత్తుల్లో అదను చూసి కాపురం పెడుతుంది. అది వాళ్లకు ఎక్కడినుంచి అంటుతోందో తేల్చడమే ఆ పరిశోధన. ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలడిగి రాసుకురావడం నా ఉద్యోగం.

ఆ ప్రశ్నల కాగితాన్ని తెలుగులో తయారుచేసిందీ నేనే. మా నాన్నగారు సంగీతం మాస్టారు. మా ఇంట్లో ఒక్క అక్షరం వంకరగా పలికినా విస్తట్లో అన్నం వడ్డించడం ఆగిపోయేది. కాబట్టి నా తెలుగు మీద నాకు చెప్పలేనంత పొగరు. మొదట ‘శిలీంధ్రాలు’ అని రాశాను. మేడమ్ చదివి, “ఇదేటే శారదా, మంత్రమా? సదివితే జబ్బు నయమైపోతాదా?” అన్నారు. ఉడుక్కుని, అది కొట్టేసి, ‘మీ ఇంట్లో బూజు ఉందా?’ అని రాశాను. ఇంతకంటే తేలిక మాట ఎక్కడుంటుంది? నా భుజం నేనే తట్టుకున్నాను.

ఏ ఇంటికి వెళ్లినా ఒకటే జవాబు. లేదు. గోడలు చెమ్మెక్కి సున్నం ఊడిపోతున్న ఇంట్లోనూ లేదు. మేడమ్ కాగితాలన్నీ తిరగేసి, మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వానలు మానేశాయా అని అడిగారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. వాళ్లు చెప్పిందే రాశాను, నేనేమైనా కల్పించానా అని ఎదురు మాట్లాడాను. ఆవిడ ఆ కట్టలోంచి పైడిరాజు కాగితం ఒక్కటి తీసి సంచిలో పెట్టుకున్నారు.

పైడిరాజుది గజపతినగరం. అతని భార్య రాములమ్మ తన కిడ్నీ అతనికిచ్చింది. అది నిలబడాలంటే జబ్బును ఎదుర్కొనే శక్తిని తగ్గించే మాత్రలు జీవితాంతం మింగాలి. ఏడాది బాగానే గడిచింది. తర్వాత దగ్గు, జ్వరం, నాలుగడుగులేస్తే ఆయాసం. ఎవరో ఎక్స్‌రేలో మచ్చ చూసి క్షయ అనుకున్నారు. తెమడలో క్షయ కనబడకపోయినా మందు మొదలుపెట్టారు. జబ్బు తగ్గలేదు సరికదా, ఆ మందు కిడ్నీ మాత్రల బలాన్ని హరిస్తోంది. ఇలాగే ఇంకొన్నాళ్లు సాగితే మనిషీ దక్కడు, రాములమ్మ ఇచ్చిన కిడ్నీ కూడా దక్కదు. అతని కాగితం మీద నా గుండ్రటి అక్షరాలతో ఉంది: బూజు – లేదు.

ముందురోజు కబురు పెట్టి ఇద్దరం వెళ్లాం. మేం గుమ్మంలోకి వెళ్లేసరికి రాములమ్మ పొడుగాటి కర్రకు చీపురు కట్టి వాసాలు దులుపుతోంది. కింద మంచం మీద పైడిరాజు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకొని దగ్గుతున్నాడు. నన్ను చూసి రాములమ్మ మొహం విప్పారింది.

“ఈసారీ బూజు లేదు, రాసుకో అమ్మా. నువ్వొస్తావని పొద్దున్నించీ దులుపుతన్నాను.”

నేనడిగిన బూజు వేరు, ఆవిడ విన్న బూజు వేరు. ఆవిడకు వినబడింది సాలెగూళ్ల సంగతి. ఇల్లు తుడుచుకోవడం వచ్చా అని ప్రతి ఇల్లాలినీ గుమ్మంలో నిలబెట్టి అడిగొచ్చానన్నమాట. ఉందని ఎవరు ఒప్పుకుంటారు? పైగా నేను వస్తున్నానని తెలిసి, రోగి నెత్తిన దుమ్ము దులుపుతున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

మేడమ్ ముందు పైడిరాజును బయట నీడకు పంపించారు. తర్వాత ఆ తెల్లచీరతోనే నేలమీద చతికిలబడి, వానాకాలంలో నీ ఇంట్లో ఏటి పాడైపోతాదని రాములమ్మను అడిగారు. అంతే, ఆవిడ నోరు తెరిచింది.

“ఏటుందమ్మా, గోనెలే. కొట్టు నుంచి సిరిగినవొస్తాయి, ఈయన కూకుని కుడతాడు. వానకి ముక్కిపోతాయి. ఇదిలించి కుట్టేస్తాడు.”

మంచం కింద గోనెల దొంతర ఉంది. పైదాని అంచు ఎత్తితే ఆకుపచ్చగా, నల్లగా పొడి లేచింది. మరి ఇది బూజు కాదా అన్నాను. ఆవిడ నన్ను జాలిగా చూసింది. బూజు పైన కదా ఉంటాదంది.

తిరుగు ప్రయాణంలో జీపులో ఏడ్చాను. మేడమ్ కిటికీలోంచి బయటికే చూస్తూ, “నువ్వడిగింది రాసినావు. ఆళ్లు ఇన్నదేటో రాయలేదు. రేపట్నించి అది రాయి,” అన్నారు.

అలాగని గోనెను చూసి ఆవిడ మందు రాసెయ్యలేదు. పైడిరాజును ఆసుపత్రిలో చేర్చి, ఊపిరితిత్తిలోకి గొట్టం వేయించి, కడిగి తీసిన నీటిని ల్యాబులో గాజు పళ్లెంలో పోయించి, ఏం మొలుస్తుందో చూడమన్నారు. రోజూ వెళ్లి చూసొచ్చేదాన్ని. ఆ పళ్లెంలో ఆకుపచ్చ బూజు మొలిచిన ఉదయం, మెట్లన్నీ పరుగున ఎక్కి మేడమ్‌కు చెప్పాను. క్షయ మందు ఆపారు. బూజుకు మందు మొదలుపెట్టి, కిడ్నీ మాత్రల మోతాదు సరిచేశారు. గోనెలు ఇంట్లోంచి వెళ్లిపోయాయి.

కొన్ని నెలల తర్వాత పైడిరాజు లిఫ్టు ఎక్కకుండా మూడో అంతస్తులోని మేడమ్ గదికి మెట్లమీద వచ్చాడు. వెనకాల రాములమ్మ రొప్పుతూ వచ్చి గుమ్మం పట్టుకుంది. “నా కిడ్నీ అట్టుకుని పరిగెడతన్నాడు సూడండమ్మా,” అంది. ఎప్పుడూ గొంతు పెంచని మేడమ్ బల్లమీద చరిచి మరీ నవ్వారు. ఆ నవ్వుకు పక్క గదిలోంచి నర్సులొచ్చి చూశారు. నా జీవితంలో అంత గొప్ప రోజు ఇంకొకటి లేదు.

కాగితం మార్చాం. ‘వానాకాలంలో మీ ఇంట్లో ఏవి ముక్కిపోతాయి?’ లేదు, లేదు అన్న ఇళ్లే ఊరగాయ జాడీల దగ్గర్నుంచి గడ్డివాము దాకా ఏకరువు పెట్టాయి. విశాఖపట్నంలో ఒక సభలో ఓ పెద్దాయన, ఇది శాస్త్రీయమైన మాట కాదు కదా అన్నాడు. మా మాట అడిగితే లేదని వచ్చింది సార్, వాళ్ల మాట అడిగితే జబ్బు దొరికిందని మేడమ్ మర్యాదగానే చెప్పారు. ఆయన తలవంచుకుని ఆ మాట రాసుకున్నాడు.

మేడమ్ పోయి రెండేళ్లయింది. ఇప్పుడు ప్రశ్నలడిగే పిల్లలకు నేనే నేర్పుతున్నాను. అందమైన తెలుగులో రాసుకొస్తారు, నాలాగే. ముందు మీ అమ్మకు చదివి, ఆవిడకేం వినబడిందో రాసుకురమ్మంటాను. కిందటి వారం కొత్తమ్మాయి ఒకతె రాములమ్మ ఇంటికి వెళ్లి, ‘ముక్కిపోతాయి’ అన్న మాట దగ్గర తడబడుతూ ఆ ప్రశ్న చదివిందట. రాములమ్మ ఆపమందట.

“ఆ మాట నాదే. సరిగ్గా సదువు.”