రెండు కవర్ల ఉపన్యాసం

ఏలూరులో మిషన్ వారి ఆడపిల్లల బడిలో నేను సైన్సు చెప్పేదాన్ని. పందొమ్మిది వందల ముప్ఫై ఆరో సంవత్సరం అనుకుంటాను, మద్రాసు కాలేజీలో పనిచేసే మా అన్నయ్య ఎనిమిది పేజీల ఉత్తరం రాశాడు. విదేశీ పత్రికలో వచ్చిన ఒక వ్యాసాన్ని తనకు తెలిసినంతలో విడమరిచాడు. ఒకచోట కలిసి, ఆపైన విడిపోయిన రెండు కణాలు ఎంత దూరం పోయినా, వాటి లెక్క మాత్రం ఒక్కటిగానే ఉంటుందట. మొదటిసారి ఏమీ బోధపడలేదు. నాలుగోసారి చదివాక అన్నం సయించలేదు.

ఆ నెలలోనే తాడేపల్లిగూడెంలో ఉపాధ్యాయుల సభ. నాకిచ్చిన విషయం సబ్బు తయారీ. అధ్యక్షులు రిటైరైన హెడ్మాస్టరుగారు. ముందే వెళ్లి, విషయం మారుస్తానన్నాను.

"అది తెలుగులో చెప్పే సంగతి కాదమ్మా. ఆడవాళ్లకు సబ్బయితే పనికొస్తుంది," అన్నారు మెత్తగా.

"మగవాళ్లూ స్నానం చేస్తారు కదండీ."

ఆయన నవ్వలేదు. ఒప్పుకోనూ లేదు.

నా వంతు రాగానే లేచి, సంచీలోంచి రెండు కవర్లు తీశాను. "ఒకదాంట్లో ఎర్ర కాగితం, ఇంకోదాంట్లో తెల్లది. ఒకటి కాశీకి పంపామనుకోండి. ఇక్కడున్నది విప్పితే ఎరుపు. కాశీది తెలుపని తెలిసిపోయింది. ఇందులో వింత లేదు, అతికించినప్పుడే రంగులున్నాయి. కణాల విషయంలో మాత్రం, విప్పేదాకా ఏ రంగూ లేదంటోంది కొత్త గణితం. మరి దూరాన ఉన్నదానికి రంగెలా వచ్చింది? గణితంలోనే ఏదో లోటుందని కొందరు పెద్దలు, లోకమే అలా ఉందని మరికొందరు వాదించుకుంటున్నారు."

సభ చూడ్డానికొచ్చిన గణపవరం రైతు ఒకాయన వెనక వరసలోంచి లేచాడు. "అయితే అమ్మా, ఇక్కడ విప్పి అక్కడికి కబురు పంపొచ్చాండీ?"

"పంపలేమండీ. మనం కోరిన రంగు రాదు."

"మరెలా జరుగుతోందండీ?"

"ఎవరికీ తెలీదండీ."

అధ్యక్షులుగారు బల్ల మీద తట్టారు. "తెలియని సంగతి చెప్పడానికా అమ్మా వచ్చావు?"

"తెలిసినవి పుస్తకాల్లో ఉన్నాయండీ. తెలియనిది ఒకటుందని చెప్పడానికే వచ్చాను."

కూర్చోమన్నారు. మిగిలిన నాలుగు మాటలూ పూర్తి చేసి కూర్చున్నాను.

వారం తిరక్కుండా మా బడికి అధ్యక్షులుగారి ఫిర్యాదు వచ్చింది. ప్రధానోపాధ్యాయినిగారు నామీద ప్రేమ ఉన్న మనిషే. "క్షమాపణగా రెండు వాక్యాలు రాసివ్వండి, పోనిద్దాం," అన్నారు.

"తప్పు చెప్పి ఉంటే పది వాక్యాలు రాద్దునండీ. ఏ మాట తప్పో వారినే చెప్పమనండి."

తరవాతి నెలలో నన్ను ఆకివీడు బడికి మార్చారు, మూడో తరగతికి. అమ్మ ఏడ్చింది. నేను ఏడవలేదని చెప్పను గానీ, రైలెక్కే లోపలే కళ్లు తుడుచుకున్నాను.

అక్కడ పిల్లలకు బల్లలు లేవు. వానాకాలం కొల్లేటి గాలికి సుద్దముక్క మెత్తబడి బోర్డు మీద గీత పడేది కాదు. బల్లలు కావాలని మొదటి వారంలోనే అర్జీ పెట్టాను, అవి వచ్చేదాకా నెలనెలా పెడుతూనే ఉన్నాను. ఆ ఊళ్లో నాలుగేళ్లున్నాను. క్షమాపణ మాత్రం ఇంతవరకూ రాయలేదు.